ఒత్తిడిని రోజూ రాసుకోమన్నారు: ఏం రాయాలి, రాసినదాన్ని ఎలా చదవాలి?

ప్రశ్న — కౌంటర్ నంబర్ 3, రాజమహేంద్రవరం

అందరికీ నమస్కారం. నేను ఒక బ్యాంకు శాఖలో పనిచేస్తున్నాను. ఉదయం కౌంటరు, మధ్యాహ్నం నుంచి బంగారు రుణాలు, సాయంత్రం క్యాష్ టాలీ, ఓచర్ల తనిఖీ నా బాధ్యతలు. ఇంట్లో అత్తగారు, మామగారు, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న అబ్బాయి, ఎనిమిదో తరగతి అమ్మాయి ఉన్నారు. మావారి ఉద్యోగం కాకినాడలో కావడం వల్ల ఆయన పొద్దున్నే వెళ్లి రాత్రికి తిరిగి వస్తారు. కొన్ని నెలలుగా సాయంత్రమయ్యేసరికి నాకు మెడ వెనుక పట్టేసినట్టు ఉంటోంది, తలనొప్పి వస్తోంది, రాత్రి రెండు మూడు గంటల మధ్య మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టడం లేదు. పిల్లల మీద అకారణంగా విసుక్కుంటున్నాను. వైద్యుణ్ణి సంప్రదిస్తే రక్తపోటు చూసి, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించి, అన్నీ సరిగానే ఉన్నాయన్నారు. ఇది ఒత్తిడి కావచ్చనీ, ఏ సమయంలో, ఏ సందర్భంలో ఇబ్బంది కలుగుతోందో కొన్ని వారాలు రాసుకొని మళ్లీ రమ్మనీ చెప్పారు. ఎలా రాయాలో మాత్రం చెప్పలేదు. బయట అంతమంది వేచి ఉండగా అడగడానికి నాకూ మొహమాటం వేసింది.

ఆ రోజు నుంచి రాత్రి అందరూ పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. మేనేజరు గారు అన్న మాట, పాస్‌బుక్ ప్రింటు కాలేదని ఒక ఖాతాదారు పెట్టిన కేకలు, ఇంటికి వచ్చాక కూర విషయంలో అత్తగారి వ్యాఖ్య, అన్నీ వివరంగా రాస్తున్నాను. రాస్తున్నంతసేపూ ఆ కోపం మళ్లీ పైకి వస్తోంది. ఇంతకుముందు పదకొండింటికి పట్టే నిద్ర ఇప్పుడు పన్నెండు దాటితే కానీ పట్టడం లేదు. మర్నాడు ఆ పేజీలు తిరగేస్తే అందరూ నన్ను సతాయిస్తున్నారన్న ఒక్క సంగతి తప్ప ఏమీ తేలడం లేదు.

కాబట్టి నా సందేహాలు ఇవి. ఇలా రాయడం వల్ల నిజంగా ప్రయోజనం ఉంటుందా, లేక బాధను తవ్వుకోవడమే అవుతుందా? రాయాల్సింది ఏమిటి, ఎప్పుడు రాయాలి? మరొకటి కూడా ఉంది. మా ఇంట్లో నాకంటూ తాళం వేసుకునే అర లేదు. ఈ పుస్తకం ఎవరి చేతికైనా చిక్కితే ఇప్పుడున్న ఒత్తిడికి తోడు కొత్తది వచ్చి చేరుతుంది. ఇలాంటి ఇళ్లలో ఉంటూ రాసుకున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

సమాధానం — మనోవిజ్ఞాని, విశాఖపట్నం

నేను క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. మీ వైద్యుడు ముందుగా రక్తపోటు, థైరాయిడ్, రక్తహీనత చూసుకొని ఆ తర్వాతే ఒత్తిడి సంగతి ఎత్తడం సరైన పద్ధతి. నీరసం, విసుగు, గుండెదడ లాంటివి ఆ మూడింటి వల్లా రావచ్చు కాబట్టి, పరీక్షలు చేయించుకోకుండా అన్నింటినీ టెన్షన్ ఖాతాలో వేసేవారు ఈ సమాధానం చదువుతుంటే, ముందు ఆ పని చేయించుకోవాలని మనవి.

ఇక మీ పుస్తకం విషయం. రాయడం వల్ల మీకు బాధ పెరగడానికి ప్రధాన కారణం మీరు రాస్తున్న సమయం. పగటి సంఘటనలను రాత్రి గుర్తుచేసుకొని రాస్తే రోజంతా యథాతథంగా తిరిగి రాదు. బాగా గుచ్చుకున్న క్షణం, చివరగా జరిగినది, ఈ రెండే ప్రధానంగా పైకి తేలతాయి. 1993లో డేనియల్ కానెమన్, ఆయన సహచరులు ప్రచురించిన ఒక ప్రయోగం దీన్ని చక్కగా చూపిస్తుంది. అందులో పాల్గొన్నవారు ఒకసారి 14 డిగ్రీల చల్లని నీటిలో 60 సెకన్లు చేయి ఉంచారు. మరోసారి అదే 60 సెకన్ల తర్వాత ఇంకో 30 సెకన్లు ఉంచారు, కానీ ఆ అరనిమిషంలో నీటిని 15 డిగ్రీల దాకా కొద్దిగా వెచ్చబరిచారు. వీటిలో ఏది మళ్లీ చేస్తారని అడిగితే ఎక్కువమంది రెండోదాన్నే ఎంచుకున్నారు. మొత్తంగా ఎక్కువసేపు బాధపడినా, ముగింపు కాస్త నయంగా ఉండడమే వారి జ్ఞాపకంలో నిలిచింది. మీ విషయంలో ఇదే తిరగబడి జరుగుతూ ఉండవచ్చు. మధ్యాహ్నమంతా ప్రశాంతంగా గడిచినా, ఇంటికి వచ్చాక కూర గురించి విన్న ఒక్క మాట ఆ రోజు మొత్తానికీ రంగు పులిమేస్తుంది. అందువల్ల జరిగిన వెంటనే, లేదా కనీసం రోజులో మూడు నాలుగు నిర్ణీత వేళల్లో, రెండు మూడు పంక్తులు మాత్రమే రాయండి. రాత్రి పడక దగ్గర ఈ పని పూర్తిగా మానేయండి.

రెండో కారణం, మీరు సంఘటననూ దానిమీద మీ తీర్పునూ కలిపి రాస్తున్నారు. "మేనేజరు నన్ను అందరి ముందూ అవమానించారు" అన్న వాక్యంలో ఏం జరిగిందో లేదు. మీకు ఏమనిపించిందో మాత్రమే ఉంది. రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984లో వివరించిన సిద్ధాంతం ప్రకారం ఒత్తిడి అనేది సంఘటనలో నేరుగా ఉండదు. ఇది నాకు ముప్పు తెస్తుందా అనీ, తెస్తే ఎదుర్కొనే శక్తి నా దగ్గర ఉందా అనీ మనసు వేసుకునే అంచనాల్లో ఉంటుంది. ఆ అంచనా కనిపించాలంటే దాన్ని విడిగా రాయాలి. నేను నా దగ్గరికి వచ్చేవారికి ఇలాంటి నమూనా ఇస్తుంటాను: "3.40. బంగారు రుణం, దరఖాస్తులో సంతకం తేడా, ఎదురుగా ఉన్నాయన తొందరపెడుతున్నాడు. మెడ, దవడ బిగుసుకున్నాయి. 'ఈ రోజు కూడా టాలీ ఆలస్యమే' అనుకున్నాను. గొంతు పెంచాను, తర్వాత టీ తాగాను. 7." చివరి అంకె సున్నా నుంచి పది వరకు మీరు వేసుకునే కొలత. మీకు 3 అంటే ఎలా ఉంటుందో, 8 అంటే ఎలా ఉంటుందో మొదటి పేజీలోనే ఒక్కొక్క వాక్యంలో రాసి పెట్టుకుంటే, వారం తర్వాత వేసే 7 కూడా ఇవాళ్టి 7తో సమానంగా ఉంటుంది.

ఇబ్బందిగా ఉన్నప్పుడే పుస్తకం తీస్తే, మీ జీవితంలో ఇబ్బంది తప్ప మరేమీ లేదని ఆ పుస్తకమే సాక్ష్యం చెబుతుంది. అందుకే నిర్ణీత వేళ వచ్చినప్పుడు మీరు హాయిగా ఉంటే ఆ హాయినీ, అప్పుడు ఏం చేస్తున్నారో కూడా రాయాలి. పరిశోధకులు కూడా ఈ దారిలోనే వెళ్లారు. 1967లో హోమ్స్, రాహే అనే వైద్యులు 43 జీవిత ఘటనలకు మార్కులు వేస్తూ ఒక పట్టిక తయారుచేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100, పెళ్లికి 50 వచ్చాయి. 1981లో లాజరస్ బృందం అంత పెద్ద ఘటనలను పక్కనపెట్టి, రోజువారీ చికాకులకు ఒక పట్టిక, రోజువారీ చిన్న సంతోషాలకు మరో పట్టిక తయారుచేసి చూస్తే, మానసిక ఇబ్బందులను అంచనా వేయడానికి పెద్ద ఘటనల కంటే ఆ చిన్న చికాకులే ఎక్కువగా ఉపయోగపడ్డాయి. మీ ప్రశ్న చదివితే అందులో పెద్ద విపత్తు ఏదీ లేదు. అలాగని మీ తలనొప్పి చిన్నదనడానికీ వీల్లేదు.

వీటితోపాటు నిద్రపోయిన, లేచిన వేళలు, భోజనం చేసిన వేళ, కాఫీ టీలు ఎప్పుడెప్పుడు తాగారన్నది, నెలసరి తేదీ, ఒక్కొక్క పంక్తిలో వేసుకోండి. అవి అల్పంగా కనిపిస్తాయి కానీ ఆఖరున లెక్క తేలేది చాలాసార్లు వాటి దగ్గరే.

మనసులోని బాధను విస్తారంగా రాసుకోవడం అనేది మరొక ప్రక్రియ. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున, తమను కలచివేసిన అనుభవం గురించి రాశారు. రాసిన వెంటనే వారికి దిగులు పెరిగినా, తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. దానికి ఒక పరిమితి, ఒక ముగింపు ఉన్నాయని గమనించండి. ప్రతి రాత్రీ అంతం లేకుండా ఒకే కోపాన్ని తిరగరాయడం ఆ కోవలోకి రాదు. మీరు అలా రాసుకోవాలనుకుంటే వేరే కాగితాల మీద, పగటిపూట, నాలుగు రోజులు రాసి ఆపేయండి. వైద్యుడికి చూపించే పుస్తకంతో దాన్ని కలపవద్దు.

సమాధానం — విశ్రాంత ఆడిట్ ఉద్యోగి, కర్నూలు

అమ్మా, పైన డాక్టరమ్మగారు రాయడం గురించి చక్కగా చెప్పారు. నేను చదవడం గురించి చెబుతాను, ఎందుకంటే రాసి పక్కన పడేసిన పుస్తకాలను ఉద్యోగంలో చాలా చూశాను.

మా నాన్నగారికి కిరాణా వ్యాపారం ఉండేది. ఆయన రోజు పద్దులన్నీ చిట్టాలో వేసి, తీరిక వేళ వాటిని ఆసాముల వారీగా ఆవర్జాలోకి ఎత్తేవారు. చిట్టా ఎంత చదివినా ఎవరు ఎంత బాకీయో తెలియదు. ఆవర్జాలోకి ఎక్కితేనే తెలుస్తుంది. మీరు రోజూ రాసేది చిట్టా. రెండు వారాలయ్యాక ఒక ఆదివారం కూర్చుని అవే పంక్తులను వేరే కాగితం మీదకి గంటల వారీగా ఒకసారి, స్థలాల వారీగా మరోసారి ఎత్తి రాయండి. మనుషుల వారీగా మాత్రం చివరన చేయండి. మొదటే మనుషుల వారీగా విడదీస్తే మనం ఎవరి మీద ఫిర్యాదు చేయాలనుకుంటున్నామో వారి పేజీయే నిండుతుంది.

నాకు రక్తపోటు ఉంది. ఇంట్లో యంత్రంతో చూసుకొని రాసుకోమని వైద్యుడు చెప్పారు కాబట్టి ఈ పని అలవాటైంది. కొలిచే ముందు అరగంట పాటు కాఫీ టీలు మానాలి, వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చోవాలి. ఇవన్నీ పాటించి వేసిన అంకె పక్కన ఆ పూట ఏం జరిగిందో ఒక పంక్తి రాసేవాణ్ణి. మా అపార్ట్‌మెంటు సంఘానికి అప్పట్లో నేను కార్యదర్శిని. సమావేశాల్లో జరిగే గొడవలే నాకు పడడం లేదని ఇంట్లోవాళ్లందరి నమ్మకం, నాదీ అదే. ఎత్తి రాసి చూస్తే సమావేశం జరిగిన పూట పెద్ద తేడా ఏమీ లేదు. నిర్వహణ రుసుము గురించి వేళాపాళా లేకుండా ఫోన్లు వచ్చిన రోజుల్లో తేడా ఉంది. అటు తర్వాత లిఫ్టు పక్కన ఒక నోటీసు అంటించి, సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు మాత్రమే ఫోన్ ఎత్తేవాణ్ణి. మందులు మాత్రం మానలేదు. అది వైద్యుడు తేల్చాల్సిన విషయం, నా పుస్తకం తేల్చేది కాదు.

పదికి ఎంత అని మార్కులు వేసే విషయంలో మాత్రం నాకు కొంత అభ్యంతరం ఉంది. అంకె వేయగానే మనిషికి అది పెద్ద నిజంలాగా కనిపిస్తుంది. నిన్న 6, ఇవాళ 7 అయితే పరిస్థితి క్షీణించిందనుకొని కంగారుపడేవారిని చూశాను. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడే తరగతులు పెట్టుకున్నా పని జరుగుతుంది. ఆడిట్‌లో కూడా పైసల తేడా కోసం వెతుకుతూ కూర్చుంటే లక్షల తేడా దాటిపోతుంది.

పుస్తకం దాచుకోవడం గురించి అడిగారు. పేర్లు అసలు రాయకండి. ఇంట్లోవారికి ఒక్కొక్క అంకె, కార్యాలయంలోవారికి ఒక్కొక్క అక్షరం కేటాయించుకొని, ఆ కేటాయింపు మనసులోనే ఉంచుకోండి. చిన్న పాకెట్ పుస్తకంలో, "3.40, బం.రు., మెడ, ఎక్కువ" అని ఉంటే చూసినవారికి బ్యాంకు లెక్కలాగే కనిపిస్తుంది.

సమాధానం — రాత్రి కాల్స్, హైదరాబాద్

పై ఇద్దరి పద్ధతీ నాకు నచ్చింది కానీ, రోజంతా తెర ముందు ఉండేవాళ్లు కాగితం తీసి రాస్తారన్న నమ్మకం నాకు లేదు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మొదట్లో చేతి గడియారం చూపించే ఒత్తిడి అంకెనే నమ్ముకున్నాను. ఆ గడియారాలు సాధారణంగా గుండె స్పందనల మధ్య విరామాల్లో వచ్చే హెచ్చుతగ్గులను బట్టి అంచనా వేస్తాయి. మెట్లెక్కినా, కాఫీ తాగినా, క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవర్ చూస్తున్నా ఆ అంకె మారవచ్చు. శరీరం ఉద్రేకంలో ఉందని అది చెప్పగలదు. ఆ ఉద్రేకం ఆనందమో ఆందోళనో దానికి తెలియదు. కాబట్టి గడియారం ఉన్నవారు కూడా ఆ పూట సంగతి రెండు మాటల్లో పక్కన రాసుకోకపోతే, నెలాఖరున మిగిలేది రంగురంగుల గ్రాఫు మాత్రమే.

నా విషయంలో లెక్క తేల్చింది ఒక మామూలు స్ప్రెడ్‌షీట్. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు. దాంతో మాకు రాత్రి ఎనిమిదిన్నరకు ఉండే సమావేశం తొమ్మిదిన్నరకు మారిపోతుంది. ఆ ఒక్క గంట నా భోజనాన్నీ, నిద్రనూ, మర్నాటి ఉదయాన్నీ కదిలించి పారేస్తోందని వేళలు నమోదు చేశాకే తెలిసింది. అంతకుముందు ఆ చిరాకంతటికీ ప్రాజెక్టే కారణమనుకునేవాణ్ణి. శీతాకాలంలో వారానికి రెండు సమావేశాలైనా వారి ఉదయం తొలి గంటకు జరపమని ఆ వేళల పట్టికనే చూపించి అడిగాను, ఒప్పుకున్నారు. నాకు ఇబ్బందిగా ఉంది అని అంతకు ముందు ఏడాది అడిగినప్పుడు ఒప్పుకోలేదు.

కాఫీ గురించి కూడా ఒక మాట. శరీరంలో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, కొందరిలో ఇంకా ఎక్కువ. సాయంత్రం ఆరింటికి టాలీ చేస్తూ తాగిన కాఫీ రాత్రి పదకొండుకు కూడా సగం లోపలే ఉంటుంది. మీరు రాత్రి మెలకువ వస్తోందన్నారు కాబట్టి ఆ వేళను తప్పక రాసుకోండి.

ఫోనులో రాసుకోదలిస్తే వాట్సాప్‌లో మనకు మనమే సందేశం పంపుకోవడం తేలికైన దారే, కానీ అదే ఫోనుతో పిల్లలు ఆడుకునే ఇళ్లలో అది వద్దు. చాలా ఫోన్లలో ఉండే నోట్స్‌కు విడిగా తాళం పెట్టుకోవచ్చు. ఉచితంగా దొరికే మూడ్ యాప్‌లలో మన సమాచారం ఎవరి సర్వర్లకు వెళ్తుందో చూడకుండా కుటుంబ విషయాలు నింపవద్దు.

ప్రశ్న అడిగినవారు — కౌంటర్ నంబర్ 3, రాజమహేంద్రవరం

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి రాయడం మానేసి, చేతిసంచిలో పట్టే చిన్న పుస్తకంలో, కర్నూలు గారు చెప్పినట్టు అక్షరాలతో రాస్తున్నాను. రాత్రి రాత మానిన వెంటనే పడుకునే వేళ మళ్లీ పాత చోటికి వచ్చింది.

నిన్న ఆదివారం కూర్చుని వేళల వారీగా ఎత్తి రాశాను. నేను ఊహించినట్టు కౌంటరు వేళలు ఎక్కువలో లేవు. రద్దీగా ఉన్నా ఎక్కువ చోట్ల మధ్యస్థమే ఉంది. ఎక్కువ అన్నవన్నీ మూడున్నర నుంచి ఐదున్నర మధ్య పోగుపడ్డాయి. ఆ వేళకు ఒకవైపు బంగారం తెచ్చినవారు ఉంటారు, అప్రైజరు పరీక్షించి తూకం వేస్తుంటారు, మరోవైపు క్యాష్ లెక్క తేలాలి, సరిగ్గా అప్పుడే ప్రాంతీయ కార్యాలయం నుంచి లక్ష్యాల గురించి వీడియో సమావేశం మొదలవుతుంది. బంగారం ప్యాకెట్లు ఇద్దరం కలిసి లోపల పెట్టాలి కాబట్టి రెండో అధికారి ఆ సమావేశంలో ఉంటే నేను ఖాళీగా ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపు దగ్గరే చాలాసార్లు "మెడ" అని రాసి ఉంది. ఆ రోజుల్లో సగానికి పైగా నేను భోజనం రెండున్నర తర్వాత చేశాను, లేదా చేయలేదు. అత్తగారి పేజీలో ఎక్కువ అన్నది నేను అనుకున్నంత లేదు. పొద్దున క్యారేజీలు సర్దే వేళలో ఆవిడ పిల్లలను తయారుచేయడం వల్ల తక్కువ అని నేనే రాసుకున్న పూటలు కూడా ఉన్నాయి. సాయంత్రం కాఫీ మానిన రోజుల్లోనూ ఒకటి రెండుసార్లు రాత్రి మెలకువ వచ్చింది కనుక దాన్ని ఒక్కదాన్నే కారణం అనలేను.

ఇప్పుడు ఏం చేయాలన్నది ప్రశ్న. సమావేశం వేళ నా చేతిలో లేదు. పింఛనుదారులు జీవన ప్రమాణ పత్రాల కోసం వచ్చే నవంబరూ, ఖాతాలు ముగించే మార్చీ ఎలాగూ వస్తాయి. కారణం తెలిసినంత మాత్రాన మెడ నొప్పి పోవడం లేదు కదా.

సమాధానం — పూర్వ శాఖాధికారిణి, గుంటూరు

నేను ఇరవై ఏళ్లకు పైగా శాఖల్లోనే పనిచేసి విరమించాను. మీరు రాసిన మూడున్నర ఐదున్నరల మధ్య వేళ బ్యాంకు ఉద్యోగులెవరికైనా వివరించనక్కర్లేదు. మేనేజరు కుర్చీలో కూర్చున్న దాన్నిగా ఒకటి చెబుతాను. ఒక ఉద్యోగిని వచ్చి పని ఎక్కువైందని చెబితే మేనేజరుకు తన మీద ఉన్న భారం గుర్తుకు వస్తుంది, "అందరికీ ఎక్కువే కదమ్మా" అంటారు. అదే ఉద్యోగిని "సార్, ఈ పక్షంలో ఫలానా రోజుల్లో రెండో అధికారి సమావేశంలో ఉండడం వల్ల ప్యాకెట్లు ఇంతసేపు బయట ఉండిపోయాయి" అని కాగితం చూపిస్తే అది ఉమ్మడి భద్రతకు సంబంధించిన విషయమవుతుంది, ఆడిట్‌లో సమాధానం చెప్పుకోవాల్సింది ఆయనే అవుతారు. మీ మెడ సంగతి ఆ కాగితంలో ఉండనక్కర్లేదు. పుస్తకం చూపించకండి, అందులోంచి వేళలను మాత్రమే వేరే కాగితం మీద రాసి తీసుకెళ్లండి.

సమావేశం వేళ మారదు. బంగారు రుణాల దరఖాస్తులు తీసుకునే ఆఖరి వేళ, సమావేశానికి ముందే ప్యాకెట్లు ఒకసారి లోపల పెట్టేసే ఏర్పాటు, రెండో అధికారి బదులు తాళం బాధ్యత తీసుకోగల మరొకరు, వీటి గురించి శాఖ స్థాయిలోనే మాట్లాడుకునే వీలు చాలాచోట్ల ఉంటుంది. నిబంధనలు మీ బ్యాంకువి చూసుకోండి. భోజనం విషయంలో మాత్రం ఎవరి అనుమతికోసమూ చూడకండి. ఒంటిగంటన్నరకు పక్క కౌంటరు ఆవిడతో వంతులు మాట్లాడుకోండి. ఆవిడకీ అదే ఇబ్బంది ఉండి ఉంటుంది.

అత్తగారి పేజీ గురించి మీరు నిజాయితీగా రాశారు. అది చదివి సంతోషించాను.

సమాధానం — మనోవిజ్ఞాని, విశాఖపట్నం

గుంటూరు గారు చెప్పినదానికి వృత్తిపరంగా చిన్న చేర్పు. ఒకేసారి భోజనం వేళ, కాఫీ, ప్యాకెట్ల ఏర్పాటు అన్నీ మార్చేస్తే, తేడా వచ్చినప్పుడు అది దేనివల్ల వచ్చిందో తెలియదు. మీ చేతిలో పూర్తిగా ఉన్న భోజనంతో మొదలుపెట్టి ఒక వారం చూడండి, తర్వాత రెండోది మార్చండి. ప్రతి మార్పూ మొదలైన తేదీ కింద ఒక గీత గీయండి చాలు.

మార్చలేనివాటి విషయంలో, అంటే రెండో అధికారి కోసం ఎదురుచూసే ఆ పావుగంట లాంటి వాటిలో, పని శరీరం వైపు నుంచి మొదలుపెట్టాలి. భుజాలు చెవుల దాకా ఎత్తి బిగించి, కొన్ని సెకన్ల తర్వాత ఒక్కసారిగా వదిలేయడం, ఊపిరి తీసుకున్నదానికంటే వదిలేటప్పుడు ఎక్కువసేపు నెమ్మదిగా వదలడం, కుర్చీలోంచి లేచి నాలుగడుగులు వేయడం, వీటిలో ఏది మీకు పనిచేస్తుందో కూడా పుస్తకమే చెబుతుంది. చేయకముందు ఎంత, చేశాక ఎంత అని రెండు గుర్తులు వేయండి. కర్నూలు గారి మూడు తరగతుల పద్ధతి మీకు సుఖంగా ఉంటే అదే ఉంచుకోండి, నాకు అభ్యంతరం లేదు. అయితే ఇలాంటి చిన్న తేడాలు పట్టుకోవాలంటే పది మెట్ల కొలతే మెరుగని మాత్రం ఇప్పటికీ అంటాను.

జీవితాంతం ఈ నమోదు చేయనక్కర్లేదు. మీరు పెట్టుకున్న మార్పులు కుదురుకున్నాక ఆపేయండి. నవంబరులోనో మార్చిలోనో మళ్లీ రెండు వారాలు రాసుకోండి. ఎప్పుడూ తనను తాను కొలుచుకుంటూ ఉండడమే కొందరికి కొత్త ఆందోళన అవుతుంది. రాసిన ప్రతిసారీ మనసు ఇంకా బరువెక్కుతుంటే, ఉదయం లేవాలనే అనిపించకపోతే, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి రెండు వారాలకు మించి లేకుండా పోతే, లేదా బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, పుస్తకం పక్కనపెట్టి మనిషితో మాట్లాడాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఛాతీలో నొప్పి, ఒక్కసారిగా మొదలైన భరించలేని తలనొప్పి, చేయి లేదా కాలు తిమ్మిరెక్కి బలహీనపడడం లాంటివి వస్తే ఒత్తిడి అనుకుంటూ రాసుకుంటూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు పుస్తకమంతా తీసుకెళ్లవద్దు, ఆయనకు చదివే తీరిక ఉండదు. ఒక్క పేజీ రాయండి. పైన తలనొప్పి వచ్చిన వేళలు, వాటి పక్కన ఆ రోజు భోజనం చేసిన వేళ, కాఫీ వేళ, నిద్ర గంటలు, నెలసరి తేదీ ఉండాలి. కింద మీరు చేసిన మార్పు, దాని ముందూ తర్వాతా తలనొప్పి ఎన్ని రోజులు వచ్చిందన్నది ఉండాలి. తలనొప్పికి ఏదైనా మాత్ర వేసుకొని ఉంటే దాని పేరు, వేసుకున్న తేదీలు తప్పక రాయండి. నొప్పి మాత్రలు తరచుగా వాడడం వల్ల కూడా తలనొప్పి తిరిగి తిరిగి వస్తుంది, మీరు ఇంతవరకు ఆ సంగతి ఎక్కడా చెప్పలేదు.